మందుల చీటీ వెనక వైపు

ఇన్సులిన్ మొదలుపెట్టే రోజు పేషెంటుకు చెప్పాల్సినవి చాలా ఉంటాయి. సూది ఎక్కడ పొడుచుకోవాలి, తిండికి ఎంత ముందు వేసుకోవాలి, రోజూ ఒకే చోట పొడిస్తే అక్కడ గడ్డ కట్టి మందు సరిగ్గా ఎక్కదు, చెమటలు పట్టి చేతులు వణికితే వెంటనే పంచదార నీళ్ళు తాగాలి, తెరిచిన సీసా నాలుగు వారాలకు మించి వాడకూడదు. వీటన్నిటికంటే ముందు సిరంజీ సంగతి. మన దగ్గర మామూలుగా దొరికే ఇన్సులిన్ సీసాలో మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉంటాయి. దానికి ఎర్ర మూత సిరంజీ. ఇన్సులిన్ వేసుకునే పెన్నుల్లో వాడే మందులో మిల్లీలీటరుకు 100 యూనిట్లు. ఆ లెక్కకు తయారైన సిరంజీకి నారింజ రంగు మూత. 40 యూనిట్ల మందును నారింజ మూత సిరంజీలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. 100 యూనిట్ల మందును ఎర్ర మూత సిరంజీలో 20 దాకా లాగితే 50 యూనిట్లు పోతుంది. రాత్రి పూట అలా జరిగితే షుగరు బాగా పడిపోయి తెల్లారేసరికి మనిషికి స్పృహ ఉండకపోవచ్చు.

ఇదంతా ఓపీలో చెప్పాలి. బయట బెంచీల మీద జనం, ఫ్యాను ఉన్నా లేనట్టుండే ఒంగోలు ఉక్కపోత, పొదిలి నుంచి వచ్చిన మనిషికి తిరుగు బస్సు టెన్షన్. చెప్పిందంతా విని "అట్టనే మేడమ్" అని తలూపి వెళ్ళేవాళ్ళు. మళ్ళీ వచ్చినప్పుడు అడిగితే రెండు మాటలు గుర్తుండేవి. ఆ రెండూ తిండి గురించే. అందుకని మందుల చీటీ వెనక వైపు తెలుగులో రాసివ్వడం మొదలుపెట్టాను. ఇది 1990ల చివరి మాట. ఒకే సంగతి పదే పదే రాయలేక చేతులు నొప్పి పుడుతుంటే మా కాంపౌండరే ఒక మంచి కాపీ రాయించుకుని జిరాక్స్ తీయించాడు. షుగర్ కాగితం తర్వాత బీపీ, ఆ తర్వాత ఫిట్స్, ఆస్తమా, పాముకాటు, వడదెబ్బ, ఫ్లోరైడు. ఆ పని ఇప్పటికీ నడుస్తూనే ఉంది. దానితో పాటు నర్సింగ్ పిల్లలకు, హౌస్ సర్జన్లకు, ఆశా వర్కర్లకు పాఠాలు. ఆదివారాలు ఆర్ఎంపీలకు, అంటే డిగ్రీ లేకుండా ఊళ్ళలో వైద్యం చేసేవాళ్ళకు.

అసలు ఈ బుద్ధి పుట్టింది నెల్లూరు జిల్లాలో. గుంటూరులో ఎంబీబీఎస్ అయిన కొత్తలో ఉదయగిరి వైపు ఒక పీహెచ్‌సీలో పనిచేశాను. అక్షరదీపం పేరుతో జిల్లా అంతా సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడుస్తున్న రోజులు. పగలంతా కూలికి పోయివచ్చిన ఆడవాళ్ళు రాత్రి కేంద్రాల్లో కూర్చుని చదువుకునేవాళ్ళు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉండేది. ఊళ్ళో మగవాళ్ళ తాగుడుకు విసిగిపోయిన ఆడవాళ్ళు సారా కొట్టు మూయించడం దాని కథ. మన ఊళ్ళో మాత్రం ఎందుకు కాదని దూబగుంట ఆడవాళ్ళు లేచారు. వాళ్ళను ముందుండి నడిపిన రోశమ్మ గారి పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరు 1న సారా నిషేధం, 1995 జనవరిలో మద్యనిషేధం వచ్చాయి. మద్యనిషేధం ఎక్కువ రోజులు నిలవలేదు, సరే, అది రాజకీయం. కడుపులో నీరు చేరి, కళ్ళు పచ్చబడి వచ్చే మగవాళ్ళను రోజూ చూసే డాక్టరుగా నన్ను ఆకట్టుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ఆ పాఠాన్ని ఎవరికి వాళ్ళు ఒంటరిగా చదువుకోలేదు. కాస్త కూడబలుక్కోగలిగిన ఒకామె పైకి చదివితే చుట్టూ ఉన్నవాళ్ళు విని, మధ్యలో ఆపి, "మా ఆయనా అంతే" అని తగువేసుకుని, మళ్ళీ చదివించుకునేవాళ్ళు.

ఒంగోలులో నా కాగితాలకు కూడా అదే జరుగుతోందని కొంతకాలానికి గమనించాను. పేషెంటు తనంతట తాను చదువుకోవడం తక్కువ. ఇంటర్ చదివిన మనవరాలు చదివి వినిపిస్తుంది, లేకపోతే కోడలు. ఇంట్లో ఎవరూ లేకపోతే మందుల షాపు కుర్రాడు. చాలా ఊళ్ళలో ఆర్ఎంపీ. మధ్యలో ఉన్న ఈ మనిషి ఎలా చదివితే పేషెంటుకు అలా చేరుతుంది. కొత్త కాగితం రాయగానే దాన్ని వెయిటింగ్ హాల్లో ఉన్న ఎవరో ఒక కోడలి చేతికిచ్చి "మీ అత్తకు చదివి వినిపించమ్మా, నేను వింటా" అనడం అలవాటు చేసుకున్నాను. ఎక్కడ నాలుక తడబడిందో, ఎక్కడ అత్త మొహం ఖాళీగా ఉందో చూసుకునేదాన్ని. 'కానిచో', 'యెడల', 'సేవించవలెను' అన్నవి మొదటి వారమే ఎగిరిపోయాయి. ఒక వాక్యంలో రెండు షరతులుంటే చదివే అమ్మాయి రెండోదాన్ని మింగేస్తుంది. కాబట్టి ఒక వాక్యానికి ఒకే షరతు. మాత్రను రంగు చెప్పి రాయమని చాలామంది సలహా ఇస్తారు. అది పనికిరాదు. అదే మందు ఒక కంపెనీది తెల్లగా ఉంటే ఇంకో కంపెనీది గులాబీ రంగులో ఉంటుంది. షాపు మారితే రంగు మారుతుంది. మందు పేరు తెలుగులో పెద్ద అక్షరాల్లో రాసి, పక్కన 'పొద్దున', 'రాత్రి' అని గీత గీసి ఇవ్వడమే మేలు.

కనిగిరి వైపు నుంచి వచ్చిన ఒకావిడ ఇంట్లో ఫ్రిజ్ లేదని, ఇన్సులిన్ ఎక్కడ పెట్టాలని అడిగింది. పెద్ద కుండలో తడి ఇసుక పోసి, అందులో చిన్న ముంత దించి, సీసాను ప్లాస్టిక్ కవరులో చుట్టి ఆ ముంతలో పెట్టి, మీద తడిగుడ్డ కప్పితే చాలు. ఇసుక తడి ఆరకుండా చూసుకోవాలి. మే నెలలో మన దగ్గర ఉండే ఎండకు బయట పెట్టిన ఇన్సులిన్ దండగ. ఫ్రిజ్ ఉన్నవాళ్ళేమో జాగ్రత్త ఎక్కువై పైన గడ్డకట్టే అరలో పెడతారు. గడ్డకట్టిన ఇన్సులిన్ కూడా దండగే. కుండ సంగతి రాసిన కాగితం ఎక్కువగా అడిగి తీసుకుపోయింది ఆర్ఎంపీలే.

మా వైపు పడమటి మండలాల గురించి మాట్లాడితే ఫ్లోరైడు మాట రాకుండా ఉండదు. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా కింద ఉండేవి. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడ్డాక ఇటు వచ్చాయి. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన సహచరులు మన ప్రాంతపు రోగుల గురించి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువైతే మనుషుల ఎముకలు ఎలా బిగుసుకుపోతాయో మన దేశంలో మొదట వివరంగా చెప్పిన పరిశోధనల్లో అదొకటి. ఇంగ్లీషులో, డాక్టర్లు చదివే పత్రికలో వచ్చింది. ప్రపంచంలో ఫ్లోరోసిస్ మీద పుస్తకాలు రాసినవాళ్ళు ఆ వ్యాసాన్ని ఉదహరిస్తూనే ఉన్నారు. ఆ నీళ్ళు తాగేవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం నడుం వంగకపోవడం వయసు మీద పడ్డ లక్షణంగానే ఉండిపోయింది. నా ఓపీకి వచ్చే పెద్దవాళ్ళలో ఎక్కువమంది "నీళ్ళు కాచి తాగుతున్నాం మేడమ్" అనేవాళ్ళు. కాచితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఫ్లోరైడు ఇంకా చిక్కబడుతుంది. ఫ్లోరైడు కాగితంలో మొదటి వాక్యంగా దీన్నే పెట్టాను. మిగతావి తర్వాత. లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఓర్చుకోవచ్చన్నది మన దేశపు ప్రమాణం. అది కాగితం అడుగున ఉంటుంది, పంచాయతీలో అడగడానికి పనికొస్తుందని.

విద్యార్థులకు పాఠం చెప్పేటప్పుడు ఈ జబ్బు నాకు ఇష్టమైన కేసు. ఇష్టం అనే మాట బాగోదు కానీ, టీచర్లందరికీ ఇలాంటివి ఉంటాయి. ఒక పెద్దాయన రెండు కాళ్ళు కర్రల్లా బిగుసుకుపోయి నడవలేక వచ్చాడు. కుర్రాళ్ళు చకచకా వెన్నుపాము నొక్కుకుపోయిందని చెప్పి ఎమ్మారై రాశారు. తప్పేం లేదు, అది నిజమే. ఎందుకు నొక్కుకుపోయిందో చెప్పమంటే టీబీ అన్నారు, గడ్డ అన్నారు. పెద్దాయన మెడ ఏ వైపూ తిరగడం లేదని ఎవరూ చూడలేదు. పళ్ళు చూద్దామంటే ఆయనకు పళ్ళే లేవు. వెంట వచ్చిన మనవడిని నోరు తెరవమన్నాను. ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలు. అప్పుడు ముంజేతికి మామూలు ఎక్స్‌రే తీయించాం. రెండు ఎముకల మధ్య ఉండే పొర సున్నం పట్టి ముళ్ళలాగా కనిపించింది. ఇంత చవకైన పరీక్షతో జబ్బు పేరు తెలిసిపోయింది. మనవడి పళ్ళు చూడడానికైతే పైసా ఖర్చు లేదు. ఆ రోజు వార్డులో ఉన్న పిల్లల్లో ఒకడు ఇప్పుడు గిద్దలూరు వైపు పనిచేస్తున్నాడు. పేషెంటు కంటే ముందు పక్కన నిలబడ్డ పిల్లల పళ్ళే చూస్తానని ఫోనులో నవ్వుతూ చెప్పాడు.

ఇప్పటి పిల్లలకు తెలిసినంత మాకు ఆ వయసులో తెలియదు. ఏ ట్రయల్‌లో, అంటే మనుషుల మీద మందును పరీక్షించే అధ్యయనంలో, ఎంతమందిని తీసుకున్నారో ఫోను చూడకుండా చెప్తారు. కానీ జనవరిలో పొగాకు కోతకు పోయిన ఆడమనిషి వాంతులు, తలతిరుగుడుతో వస్తే గ్యాస్ట్రైటిస్ అని రాసి పంపేస్తారు. మంచుకు తడిసిన పచ్చాకును చేత్తో తెంచి ఒళ్ళో, చంకలో పెట్టుకుంటే నికోటిన్ చర్మం గుండా ఒంట్లోకి పోతుంది. టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆరబెట్టే బ్యారన్ల దగ్గర పనిచేసేవాళ్ళకు ఆకు వాసన తగిలితే కడుపులో తిప్పుతుందని ఎప్పటి నుంచో తెలుసు. పాఠ్యపుస్తకంలో వృత్తి జబ్బుల అధ్యాయం చివరి బెంచీ లాంటిది, పరీక్షల ముందు ఎవరూ అటు చూడరు. చీమకుర్తి గ్రానైటు క్వారీల నుంచి వచ్చిన మనిషి దగ్గుతుంటే టీబీ పరీక్షతో పాటు రాతిదుమ్ము చరిత్ర కూడా అడగాలని నేను పదే పదే చెప్పేది అందుకే. రాతిదుమ్ముతో వచ్చే సిలికోసిస్ ఉన్న ఊపిరితిత్తుల్లో టీబీ తేలిగ్గా పాగా వేస్తుంది.

వార్డులో నేను పెట్టే హోమ్‌వర్కు ఒకటుంది. లాంగ్ కేసు, అంటే ఒక పేషెంటును పూర్తిగా పరీక్షించి వివరంగా చెప్పే పాఠం, చెప్పిన విద్యార్థి ఆ పేషెంటుకు ఒక పేజీ తెలుగులో రాసివ్వాలి, రాసింది పేషెంటు పక్కన కూర్చుని తానే చదివి వినిపించాలి. మొదట్లో గొణుగుతారు. ఇంగ్లీషు మీడియం మేడమ్, తెలుగు రాదు మేడమ్. రాకపోతే పక్కవాడిని అడుగు, నర్సమ్మను అడుగు అంటాను. గుండె బలహీనపడి కాళ్ళ వాపులతో వచ్చిన ఒక అవ్వకు ఒకమ్మాయి చక్కటి దస్తూరీతో 'ఉప్పు తక్కువ తినాలి' అని రాసింది. అవ్వ విని, "తక్కువంటే ఎంత తల్లీ?" అంది. ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. రోజు మొత్తానికి మనిషికి 5 గ్రాములకు మించొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే లెక్క. ఒక టీస్పూను. అందులోనే అన్నీ రావాలి. మర్నాడు ఆ పిల్ల వాళ్ళింట్లో ఊరగాయ జాడీలో ఎంత ఉప్పు పోస్తారో వాళ్ళమ్మను అడిగి వచ్చింది. ఎండు చేపలు, అప్పడాలు, గోంగూర పచ్చడి ఒక్కొక్కటీ అవ్వను అడిగి రాసుకుంది. అవ్వ ఉలవపాడు దగ్గరి మనిషి, ఎండు చేప లేకుండా ముద్ద దిగదట. చివరికి ఇద్దరూ బేరం చేసుకున్నారు. వారానికొకసారి చేప, ఆ రోజు పచ్చడి లేదు, పప్పులో ఉప్పు సగం. 'సోడియం తక్కువ ఉప్పు' అని షాపుల్లో అమ్మేదాన్ని కొనొద్దని కూడా రాయాల్సొచ్చింది, ఎందుకంటే అందులో పొటాషియం ఉంటుంది, అవ్వ వాడే మాత్రల్లో ఒకటి పొటాషియంను ఒంట్లో పట్టి ఉంచే రకం. ఆ పేజీ రాసేసరికి ఆ అమ్మాయికి హార్ట్ ఫెయిల్యూర్ మందులన్నీ కంఠతా వచ్చేశాయి. నేను పాఠం చెప్పలేదు.

ఆర్ఎంపీల క్లాసు దగ్గర మా డాక్టర్లలో చాలామందికి నాతో పేచీ. డిగ్రీ లేనివాళ్ళకు నేర్పితే వాళ్ళను ప్రోత్సహించినట్టేనంటారు. ఆ వాదనలో నిజం ఉంది, కొట్టిపారేయను. అయితే ఈ ప్రాంతానికి ఇంకో చరిత్ర కూడా ఉంది. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారు ప్రజావైద్యశాల నడిపారు. అక్కడ పల్లెటూరి కుర్రాళ్ళకు చేతిలో పని నేర్పి ఊళ్ళకు పంపేవాళ్ళు. అలా నేర్చుకున్న ఒకాయన మా పీహెచ్‌సీ పక్క ఊళ్ళో ఉండేవాడు. తనకు చేతకానిదేదో అంత కచ్చితంగా తెలిసిన మనిషిని పెద్ద డిగ్రీల్లో కూడా నేను ఎక్కువమందిని చూడలేదు. ఆయన్ను చూసే నా క్లాసుకు హద్దు గీసుకున్నాను. ఏ మందు ఇవ్వాలో చెప్పను. ఎప్పుడు చెయ్యి తీసేసి పంపెయ్యాలో చెప్తాను. ఛాతీ నొప్పి, పక్షవాతం, గర్భిణికి బీపీ, పిల్లలు పాలు తాగకపోవడం. ఇంకా నొప్పులకూ జ్వరాలకూ స్టెరాయిడ్ సూది వెయ్యకూడదు. ఈ చివరిదాని మీద ప్రతిసారీ గొడవే. "వెయ్యకపోతే పక్క వీధి ఆయన దగ్గరికి పోతారు మేడమ్ గారూ, మా బతుకు ఎట్టా?" అంటారు. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు. ఆ సూదులతో మొహం ఉబ్బి, షుగరు పెరిగి, ఎముకలు గుల్లబారిన పేషెంట్ల ఎక్స్‌రేలు గోడకు పెట్టి చూపిస్తాను, అంతే.

పాముకాటు క్లాసుకు మాత్రం అందరూ వస్తారు. తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి. మన ఆసుపత్రుల్లో ఉండే విరుగుడు మందు ఈ నాలుగింటికే పనిచేస్తుంది. కట్టు బిగించొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, ఉంగరాలూ కడియాలూ తీసెయ్యండి, కాలు కదలకుండా కర్ర కట్టి 108కి ఫోన్ చెయ్యండి. ఇంతవరకు ఇప్పుడు చాలామందికి తెలుసు. తెలియనిది కట్లపాము సంగతి. అది రాత్రి పూట నేల మీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనపడదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేస్తారు. కాసేపటికి కనురెప్పలు వాలిపోతాయి, గుటక పడదు. పాము మాటే ఎవరూ ఎత్తరు కాబట్టి గ్యాస్ మందు ఇచ్చి పడుకోబెడతారు, ఊపిరి ఆగిపోయేదాకా తెలియదు. కళ్ళు మూతలు పడుతున్న కడుపునొప్పి కనిపిస్తే ఇంకేమీ అడక్కుండా వెంటిలేటరు ఉన్న ఆసుపత్రికి పంపండని చెప్తాను. హౌస్ సర్జన్లకు చెప్పేది ఇంకొంచెం ఉంటుంది. రక్తం గడ్డకడుతుందో లేదో చూడడానికి 2 మిల్లీలీటర్ల రక్తం పొడి గాజు గొట్టంలో పోసి 20 నిమిషాలు కదపకుండా ఉంచాలి. ప్లాస్టిక్ గొట్టంలో పోస్తే మంచి రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు, లేని విషం ఉన్నట్టు కనపడుతుంది. చిన్న పిల్లకైనా విరుగుడు మోతాదు పెద్దవాళ్ళంతే ఇవ్వాలి. పాము పిల్లను చూసి తక్కువ విషం వదలదు కదా. ఈ మాటకు క్లాసులో ఎప్పుడూ ఒకరిద్దరు నవ్వుతారు, నవ్వినవాళ్ళకు గుర్తుండిపోతుంది.

ఇన్నేళ్ళుగా రాస్తున్నప్పుడు ఎదురైన పెద్ద తలనొప్పి వైద్యం ఒకచోట నిలవకపోవడం. 2013 జూన్‌లో పియోగ్లిటజోన్ అనే షుగర్ మందు అమ్మకాన్ని మన ప్రభుత్వం ఆపేసింది. జూలై ఆఖరుకు హెచ్చరిక జోడించి మళ్ళీ అనుమతించింది. ఆ మధ్యలో షుగర్ కాగితం మార్చాలి, మళ్ళీ మార్చాలి. గుండె జబ్బు ఇంకా రాని షుగర్ వాళ్ళకు చిన్న ఆస్పిరిన్ రోజూ ఇవ్వడం ఒకప్పుడు మామూలే. 2018లో మూడు పెద్ద ట్రయల్స్ వచ్చాక ఆ లాభం రక్తస్రావం ముప్పు ముందు తేలిపోయింది. కొత్త కాగితం రాయడం కష్టం కాదు, పాత కాగితాన్ని వెనక్కి తెచ్చుకోవడమే కష్టం. ఒక మందుల షాపులో నా పాత కాగితం ల్యామినేషన్ చేసి దేవుడి పటం పక్కన తగిలించి ఉంది. షాపాయన గర్వంగా చూపించాడు. దాన్ని తీయించడానికి నాకు చాలా ఓపిక పట్టింది. అప్పటి నుంచి ప్రతి కాగితం నెత్తిన తేదీ పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కింద 'ఈ తేదీ దాటితే చింపెయ్యండి' అని ఇంకో తేదీ. ల్యామినేషన్ చెయ్యొద్దని కూడా అచ్చువేయిస్తాను, చూసినవాళ్ళు నవ్వుకున్నా సరే. మందుల కంపెనీల వాళ్ళు ఆర్టు పేపరు మీద రంగుల్లో వేసిస్తామని ఇప్పటికీ వస్తుంటారు. మూలన వాళ్ళ మందు పేరు చిన్నగా వేస్తారట, అంతే. చిన్నగా వేసిన పేరే చదివే కుర్రాడి నోటి వెంట ముందు వస్తుందని నాకు తెలుసు కాబట్టి జిరాక్సుతోనే సరిపెట్టుకుంటున్నాను.

పేషెంట్ల కథలు రాసేటప్పుడు ఇంకో చిక్కు. పేరు తీసేస్తే సరిపోతుందని పెద్ద ఊళ్ళ వాళ్ళు అనుకోవచ్చు. మా దగ్గర 'సింగరాయకొండ రైల్వే గేటు దగ్గర టీ కొట్టు నడిపే మనిషి' అంటే చాలు, తాలూకా మొత్తానికి తెలిసిపోతుంది. వృత్తి, ఊరు, కుటుంబంలో జరిగిన సంఘటన, ఈ మూడూ ఒకచోట రాకుండా చూసుకుంటాను. ఎయిడ్స్, ఆత్మహత్యాయత్నం, పెళ్ళికాని పిల్లల జబ్బులు అయితే అసలు కథగానే చెప్పను. దీనికి పూర్తిగా ఎదురు కేసులు కూడా ఉంటాయి. గుండెపోటు నుంచి బయటపడ్డ ఒక పెద్దమనిషికి, ఆయన కథ పేరు లేకుండా వాడుకుంటానని అనుమతి అడిగితే, "పేరు లేకపోతే ఇంకెందుకమ్మా, ఫోటో కూడా వేయించు" అన్నాడు.

కరోనా రోజులు అన్నిటికంటే గట్టి పరీక్ష. 2020 జూన్‌లో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణాలు కాపాడుతోందని బ్రిటన్‌లో చేసిన రికవరీ ట్రయల్ తేల్చింది. కాపాడింది ఆక్సిజన్ అవసరమైన వాళ్ళను. ఆక్సిజన్ బాగున్నవాళ్ళకు లాభం కనపడలేదు. ఈ రెండు వాక్యాల్లో రెండోది ఎక్కడో దారిలో రాలిపోయింది. జ్వరం వచ్చిన మొదటి రోజే ఆ మాత్రలు మింగేసినవాళ్ళను, తర్వాత షుగరు నాలుగు వందలు దాటి నల్ల ఫంగస్‌తో కన్ను పోగొట్టుకున్నవాళ్ళను చూశాం. 'ఆక్సిమీటరులో 94 కంటే తగ్గనిదే స్టెరాయిడ్ ముట్టొద్దు' అన్న ఒక్క మాటతో ఒక కాగితం వేశాను. నా కాగితాల్లో అన్నిటికంటే చిన్నది అదే.

2021 మే నెలలో కృష్ణపట్నం మందు, అంటే నెల్లూరు జిల్లాలో ఆనందయ్య కరోనాకు ఇచ్చిన నాటుమందూ కంటి చుక్కలూ, గాలివానలా వచ్చింది. పేషెంట్లంతా ఒకే ప్రశ్న, "పొమ్మంటారా మేడమ్?" మా వాళ్ళలో కొందరు ఎగతాళి చేశారు, కొందరు గుట్టుగా ఆ మందు తెప్పించుకున్నారు. ఆక్సిజన్ పడకల కోసం రాత్రంతా తిరిగినవాళ్ళను ఎగతాళి చెయ్యడానికి నాకు నోరు రాలేదు. పేషెంట్లతో మాట్లాడేటప్పుడు ఆ మందు మంచిదా చెడ్డదా అనే తగువులోకి దిగలేదు. కంట్లో మాత్రం ఏదీ వేయించుకోవద్దన్నాను. ఆ గుంపులో నిలబడొద్దన్నాను. ఆక్సిజన్ తగ్గుతుంటే ఏ మందు కోసమూ దారిలో పొద్దుపుచ్చొద్దన్నాను. ప్రభుత్వం తర్వాత కంటి చుక్కలు తప్ప మిగతావాటికి అనుమతి ఇచ్చింది. అప్పుడు తిట్టించుకోని డాక్టరు లేడు, నేనూ తిట్లు తిన్నాను. అయినా ఆ తిట్టినవాళ్ళే వ్యాక్సిన్ గురించి అడగడానికి నా దగ్గరికే వచ్చారు. మొహం మీద తలుపు వెయ్యకపోవడం వల్లనే వచ్చారని నా అంచనా.

ఈమధ్య కాగితం కంటే గొంతుకే గిరాకీ. రెండు నిమిషాలు రికార్డు చేసి వాట్సాప్‌లో పెట్టమని ఆశా వర్కర్లే సలహా ఇచ్చారు. మంచి ఆలోచనే. చదివి వినిపించే మనిషి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, పొలంలో కూడా వింటారు. వడదెబ్బ మీద చేసిన రికార్డు ఒంగోలు నుంచి కావలి దాకా తిరిగి, వేరే ఎవరో చేసినట్టుగా మళ్ళీ నాకే వచ్చింది. దాంట్లోనూ తేదీ చెప్పే మొదలుపెడతాను. ఫార్వర్డ్ చేసేవాళ్ళు ఆ మొదటి ముక్క కత్తిరించి పంపుతున్నారు. తేదీని మధ్యలో చెప్పి చూశాను, చివర చెప్పి చూశాను. కత్తిరించేవాళ్ళు ఎక్కడున్నా వెతికి కత్తిరిస్తున్నారు. ఇప్పుడు ప్రతి మందు పేరుకు ముందు 'ఈ ఏడాది' అనే మాట తగిలించి మాట్లాడుతున్నాను. వినడానికి కాస్త నత్తిగా ఉందని మా హౌస్ సర్జన్లు అంటున్నారు. వాళ్ళనే ఇంకో ఉపాయం ఆలోచించి రమ్మన్నాను, వచ్చే సోమవారం చెప్తామన్నారు.